ఇంటి గొడవ కౌంటర్ దాకా రాకుండా: పెళ్లయిన బ్యాంకు ఉద్యోగినులు ఏం చేయొచ్చు

"ఇంటి విషయాలు గేటు బయటే వదిలేసి రండి" అని ట్రైనింగుల్లో చెప్తుంటారు. చెప్పే పెద్దాయనకి పొద్దున టిఫిను, లంచ్ బాక్సు, ఇస్త్రీ చొక్కా అన్నీ చేతికే అంది ఉంటాయి కాబట్టి ఆయన వదిలేసి రాగలడు. మనం వదిలేసి వచ్చినా పది గంటలకల్లా అవే ఫోన్ చేస్తాయి.

నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో పనిచేస్తాను. క్యాష్ కౌంటర్లో మొదలుపెట్టి బ్రాంచి చూసుకునే దాకా వచ్చాను కాబట్టి ఇక్కడ చెప్పేవన్నీ బ్యాంకు సంగతులే ఉంటాయి. టీచర్లు, సచివాలయం వాళ్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు మీ మీ సీటుకి తగ్గట్టు మార్చుకోండి.

కాపురం బాగుంటే పని బాగుంటుంది, కాపురం చెడితే పని చెడుతుంది అని అందరూ తేలిగ్గా అనేస్తారు. నేను చూసినంతలో అది అంత తిన్నగా ఉండదు. మొగుడూ పెళ్లాలు బాగానే ఉన్న ఇళ్లల్లోంచి వచ్చే అమ్మాయిలు కూడా అలిసిపోతారు, లెక్కలు తప్పుతారు, వచ్చే ప్రమోషన్ వదులుకుంటారు. పనిని తినేసేవి పెద్ద గొడవలు కావు, రోజుల తరబడి తేలకుండా వేలాడే చిన్న విషయాలు. ఈరోజు పిల్లాణ్ణి ఎవరు తెస్తారు, ఎనిమిదింటికి ఇల్లు చేరితే ఆయన మొహం ఎలా పెడతాడు, అత్తయ్యగారి స్కానింగ్‌కి సెలవు ఎవరు పెడతారు. ఇలాంటివి తేల్చుకోవడం ఎలాగన్నదే ఇక్కడ చెప్పబోయేది. మొగుణ్ణి మార్చడం ఎలాగో చెప్పలేను, అది నా వల్ల కూడా కాలేదు.

1. దెబ్బ ఎక్కడ తగులుతోందో ముందు చూసుకోండి

మా దగ్గర ఒకమ్మాయి క్యాష్‌లో కూర్చునేది. చేయి చాలా వడి, ఎప్పుడూ రూపాయి తేడా రాలేదు. పెళ్లిళ్ల సీజన్లో ఒకరోజు సాయంత్రం టాలీ చేస్తే పది వేలు తక్కువ వచ్చింది. డినామినేషన్లన్నీ మళ్లీ లెక్కపెట్టాం, స్లిప్పులన్నీ ఒకటొకటిగా తిరగేశాం, చివరికి సీసీటీవీ పెట్టి చూస్తే తేలింది. నలభై వేల విత్‌డ్రాయల్‌కి ఐదొందల కట్టలోంచి ఇరవై నోట్లు తీసి పక్కన పెట్టి మిగతావి ఇవ్వాలి, ఆమె తీయకుండా కట్టకి కట్టే ఇచ్చేసింది. వీడియోలో ఆ క్షణం స్పష్టంగా కనిపిస్తుంది, చేతిలో కట్ట ఉంది, కళ్లు మాత్రం టేబుల్ మీద వెలిగిన ఫోన్ స్క్రీన్ మీద ఉన్నాయి. అత్తగారి చెకప్‌కి నువ్వు వెళ్తావా నేను వెళ్లాలా అని ఆమె భర్త పెట్టిన మెసేజ్ అది, మూడు రోజులుగా ఇద్దరి మధ్యా అదే నలుగుతోంది. ఆ రాత్రికి డబ్బు ఆమే కట్టింది, కస్టమర్ మంచివాడు కాబట్టి మర్నాడు పొద్దున్నే తెచ్చి ఇచ్చాడు. అందరు కస్టమర్లూ తెచ్చివ్వరు.

ఇందులో గొడవేం లేదు చూడండి. భర్త తిట్టలేదు, అత్తగారు సాధించలేదు. ఒక తేదీ తేలలేదు, అంతే.

అందుకే మొదటి పని ఇది. ఒక రెండు వారాల పాటు ఫోన్‌లో నోట్స్ తెరిచి రోజూ రెండు లైన్లు రాయండి. ఈరోజు పనిలో ఏం తప్పింది, ఆ టైముకి నా బుర్రలో ఏం తిరుగుతోంది. వోచర్ చెకింగ్‌లో తప్పు వదిలేయడం, కస్టమర్ మీద అనవసరంగా అరవడం, మీటింగులో అడిగింది వినకపోవడం, పై ఆఫీసుకి పంపాల్సిన రిటర్న్ (రిపోర్టు) మర్చిపోవడం, అన్నీ రాయండి. కారణం వెతక్కండి, ఆ టైముకి మనసులో ఉన్న మాట మాత్రమే రాయండి. రెండు వారాలు తిరిగేసరికి ఒకటో రెండో విషయాలే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మీరు మా ఆయన కోపమే సమస్య అనుకుంటూ ఉంటారు, నోట్స్ తీసి చూస్తే స్కూల్ వ్యాను అని ఉంటుంది. అప్పుడు దేని గురించి మాట్లాడాలో మీకు తెలుస్తుంది. "నువ్వు నన్ను అర్థం చేసుకోవు" అని మొదలుపెట్టిన మాట ఎక్కడికీ వెళ్లదు, "నాలుగింటికి వ్యాను దగ్గర ఎవరుంటారు" అని మొదలుపెట్టింది ఎక్కడో ఒకచోట తేలుతుంది.

ఆ నోట్స్ ఆయనకి చూపించాల్సిన పనేమీ లేదు. లాక్ పెట్టుకోండి.

2. పనులు పంచుకోవద్దు, పని మొత్తం అప్పగించండి

కేంద్ర ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వే ఉంది. ఇంటి పని చేసేవాళ్లలో చూస్తే 2019లో ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేశారు. 2024లో మళ్లీ లెక్క తీస్తే ఆడవాళ్లవి 289, మగవాళ్లవి 88 అయ్యాయి. అంటే మనకి పది నిమిషాలు తగ్గితే వాళ్లకీ తొమ్మిది నిమిషాలు తగ్గింది, మిక్సీలూ వాషింగ్ మెషీన్లూ వచ్చిన లాభాన్ని కూడా సమానంగానే పంచుకున్నారు!

ఈ లెక్కల్లోకి రానిది ఒకటుంది, గుర్తుపెట్టుకునే పని. పాలవాడికి ఎప్పుడు డబ్బులివ్వాలి, టీకా ఏ తారీఖున, గ్యాస్ బుక్ చేశామా, రేపు స్కూల్లో పసుపు డ్రెస్సు వేసుకు రమ్మన్నారా నీలం డ్రెస్సా. చేసేది ఆయనే అయినా గుర్తుచేసేది మీరైతే ఆ పని ఇంకా మీ మీదే ఉన్నట్టు. కౌంటర్లో కూర్చుని పదకొండింటికి "పాల ప్యాకెట్ తెచ్చావా" అని మెసేజ్ పెడుతున్నారంటే మీరు పాలు తేలేదన్న మాటే గానీ పాల పని మీరే చేస్తున్నారు.

కాబట్టి కూరగాయలు తెచ్చిపెట్టు, గిన్నెలు తోమిపెట్టు అని ముక్కలు ముక్కలుగా అడక్కండి. మొత్తంగా ఇచ్చేయండి. పిల్లల స్కూలు ఆయనది అంటే డైరీ, ఫీజు, వ్యాను డ్రైవర్ నంబరు, స్కూల్ వాట్సాప్ గ్రూపు, పేరెంట్స్ మీటింగు, అన్నీ ఆయనవే. స్కూల్లో మొదటి నంబరుగా ఆయనది ఇవ్వండి, ఇది చాలామంది చేయరు, ఒంట్లో బాగోలేదని టీచర్ ఫోన్ చేస్తే ఎప్పుడూ అమ్మకే వస్తుంది, అమ్మ అప్పుడు కౌంటర్లో పాతికమంది క్యూ ముందు కూర్చుని ఉంటుంది. మందులు, డాక్టర్లు, ఇన్సూరెన్సు ఆయనకిస్తే అత్తయ్యగారి చెకప్ తేదీ కూడా అందులోనే వెళ్లిపోతుంది. పైగా ఆవిడ ఆయన తల్లే కదా.

ఇచ్చాక రెండు సార్లు తప్పుతుంది. పిల్లాడు రంగు డ్రెస్సు రోజున యూనిఫాం వేసుకుని వెళ్తాడు. ఓర్చుకోండి. మధ్యలో దూరి సరిచేశారో ఆ పని మళ్లీ మీ దగ్గరికే వస్తుంది, ఈసారి శాశ్వతంగా.

అత్తమామలు ఇంట్లో ఉంటే ఈ విషయం ఆయనే వాళ్లకి చెప్పాలి. మీరు చెప్తే కోడలు కొడుకుచేత పని చేయిస్తోంది అవుతుంది, ఆయన చెప్తే మా వాడికి పిల్లలంటే ప్రాణం అవుతుంది. న్యాయం కాదు, కానీ పని జరుగుతుంది.

3. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా కొత్త టాపిక్ ఎత్తకూడదు

ఇది ఇద్దరూ కూర్చుని ఒప్పుకోవాల్సిన విషయం. డబ్బు, పుట్టింటి ఫంక్షను, ఆడపడుచు అన్న మాట, ట్రాన్స్‌ఫర్, ఏదైనా సరే, పొద్దున ఎత్తితే తేలదు. సగంలో ఆపి బస్సెక్కాలి, మిగతా సగం రోజంతా మన బుర్రలో మనమే ఇద్దరి తరఫునా వాదించుకుంటూ ఉంటాం. మాట్లాడాల్సింది ఉంటే "రాత్రి తొమ్మిదింటికి దీని సంగతి చూద్దాం" అనండి, రాత్రి నిజంగానే చూడండి. ఎందుకంటే వాయిదా వేసి మర్చిపోయినట్టు నటిస్తే మర్నాడు పొద్దున అది రెట్టింపై వస్తుంది.

అయినా గొడవ జరిగిపోయి, కళ్లు తుడుచుకుని బ్రాంచికి వచ్చారనుకోండి. ఆరోజు ఇలా చేయండి.

వచ్చీ రాగానే సిస్టమ్ ఆన్ చేయకండి, ఐదు నిమిషాలు ఆగి నీళ్లు తాగండి. క్యాష్ మీదైతే, కుదిరితే ఆరోజుకి సీటు మార్చమని అడగండి, తలనొప్పిగా ఉందంటే చాలు, కథ చెప్పనక్కర్లేదు. సీటు మారకపోతే ప్రతి పేమెంటూ మెషీన్లో ఒకసారి, చేత్తో ఒకసారి లెక్కపెట్టి ఇవ్వండి, క్యూలో ఉన్నవాళ్లు గొణిగినా సరే. ఆఫీసరైతే పెద్ద మొత్తాల ఆథరైజేషన్లు లంచ్ తర్వాతకి పెట్టుకోండి. లేదా సంతకం కస్టమర్ ముందే మళ్లీ సరిచూడండి. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి, "మేడమ్ మీరు కాసేపు కూర్చోండి, నేను పాస్ చేసేస్తా" అని ప్రేమగా అడిగేవాడికి అసలే చెప్పకండి. రేపు ఏదైనా తేడా వస్తే ఎంక్వయిరీలో మీ ఐడీ ఉంటుంది గానీ మీ మనసు బాగోలేదన్న సంగతి ఉండదు.

ఆరోజు భర్తతో వాట్సాప్‌లో గొడవ కొనసాగించకూడదు. ఇది అన్నిటికన్నా కష్టం, నాకు తెలుసు. "సాయంత్రం మాట్లాడదాం" అని ఒక్క మెసేజ్ పెట్టి ఫోన్ డ్రాయర్‌లో పడేయండి. ఎమర్జెన్సీ అయితే బ్రాంచి ల్యాండ్‌లైన్‌కి చేస్తారు, ఆ నంబరు ఇంట్లో ఫ్రిజ్ మీద రాసి పెట్టండి.

4. డబ్బు విషయం

దీనికీ పనికీ సంబంధం ఏంటి అంటారేమో. జీతం మీదే అయినా ప్రతి వెయ్యికీ లెక్క చెప్పాల్సిన ఇంట్లో ఉన్న అమ్మాయి లేట్ అయినప్పుడు ఆటో ఎక్కదు, బస్సు కోసం నిలబడుతుంది. జేఏఐఐబీ, సీఏఐఐబీ (బ్యాంకు ఉద్యోగులు రాసే పరీక్షలు) ఫీజు కట్టడానికి పర్మిషన్ అడుగుతుంది, "ఇప్పుడెందుకు, వచ్చే ఏడాది చూద్దాంలే" అంటే ఊరుకుంటుంది. ఆ పరీక్షలు పాసైతే ఇంక్రిమెంట్లు వస్తాయి. అంటే పరీక్ష ఫీజు దగ్గర ఆగిపోయి సర్వీసు మొత్తం నష్టపోవడం. కౌంటర్ అవతల కూర్చున్న ఆడవాళ్లకి పొదుపు గురించి చెప్తాం, మన ఏటీఎం కార్డు మాత్రం ఆయన పర్సులో ఉంటుంది, పిన్ కూడా ఆయనకే తెలుసు. బ్యాంకు వాళ్లలోనే ఇలా ఎంతమంది ఉన్నారో చెప్తే నమ్మరు.

చేయాల్సినవి ఇవి. శాలరీ అకౌంట్ ఓటీపీలు మీ ఫోన్‌కే రావాలి. ఇంటి ఖర్చుకి ఒక జాయింట్ అకౌంట్ తెరిచి ఇద్దరూ జీతాల్ని బట్టి నెల మొదట్లోనే అందులో వేయండి, మిగిలింది ఎవరిది వాళ్లది. ఆయన వ్యాపారానికి తీసుకునే లోన్లో కో-ఆబ్లిగెంట్‌గానో (అప్పుకి ఉమ్మడి బాధ్యురాలిగానో) గ్యారంటర్‌గానో సంతకం పెట్టమంటే, మీ కౌంటర్లో వేరే ఆడమనిషి అలా సంతకం పెడుతుంటే మీరు ఏమేం అడిగేవాళ్లో అవన్నీ మీరూ అడగండి. లోను మొండి బకాయి అయితే మీ సిబిల్ స్కోరు కూడా పడిపోతుంది, స్టాఫ్ లోన్ దగ్గర ఇబ్బంది అవుతుంది. స్టాఫ్ హౌసింగ్ లోను రాయితీ వడ్డీకి మీ ఉద్యోగం మీద వస్తోంది కాబట్టి ఇంటి డాక్యుమెంట్లో మీ పేరు ఉండేలా చూసుకోండి.

ఇంకొకటి, నామినేషన్లు. పీఎఫ్‌లో పెళ్లికి ముందు అమ్మ పేరో నాన్న పేరో పెట్టి ఉంటారు. ఈపీఎఫ్ స్కీము ప్రకారం కుటుంబం లేనప్పుడు ఇచ్చిన నామినేషన్ కుటుంబం ఏర్పడగానే చెల్లదు, కొత్తది ఇవ్వాలి. 2010 ఏప్రిల్ తర్వాత బ్యాంకుల్లో చేరినవాళ్లకి ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) ఉంటుంది, అక్కడ కూడా ఏం రాసి ఉందో తీసి చూడండి. ఇది అరగంట పని.

5. ప్రమోషన్, ట్రాన్స్‌ఫర్: ఫారం వచ్చాక మాట్లాడితే ఆలస్యమే

అసలు దెబ్బ ఇక్కడే పడుతుంది, అది ఎవరికీ కనిపించదు. క్లర్కు నుంచి ఆఫీసరైతే వేరే ఊరు, స్కేల్ (ఆఫీసర్ గ్రేడు) మారితే మరో ఊరు, కొన్నిసార్లు మరో రాష్ట్రం. ప్రమోషన్ సర్క్యులర్ వస్తుంది, అర్హత ఉన్న అమ్మాయి అప్లై చేయదు. అడిగితే "నాకు ఇంట్రెస్ట్ లేదు మేడమ్" అంటుంది. కాస్త కదిలిస్తే ఇంట్లో అడగను కూడా అడగలేదని తెలుస్తుంది. ఆయన వద్దన్నాడని కాదు, వద్దంటాడేమో అని. ఆఫీసు మాత్రం ఆమె ఫైల్లో "ఆసక్తి లేదు" అనే రాసుకుంటుంది. రాసి, పాసై, పోస్టింగ్ ఆర్డర్ చూసి ఇంట్లో యుద్ధమై వెనక్కి క్లర్కుగానే ఉండిపోతానని లెటర్ ఇచ్చినవాళ్లూ ఉన్నారు, అలా వద్దన్నాక మళ్లీ అవకాశం ఎప్పుడొస్తుందో మీ బ్యాంకు ప్రమోషన్ పాలసీలో ఉంటుంది, ముందే చదవండి.

2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చిన క్లాడియా గోల్డిన్ అమెరికా లెక్కలు దశాబ్దాల తరబడి చూసి చెప్పింది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. ఒకే చదువు, ఒకే ఉద్యోగం ఉన్న ఆడా మగా జీతాల తేడా ఎక్కువ భాగం మొదటి బిడ్డ పుట్టినప్పటి నుంచే మొదలవుతుందని. వేళాపాళా లేకుండా పనిచేసేవాళ్లకి ఎక్కువ ఇచ్చే ఉద్యోగాలుంటాయి, ఇంట్లో ఒకరు అలాంటిదానికి వెళ్తే ఇంకొకరు వెనక్కి తగ్గాలి, ఆ తగ్గేది ఎవరో మనకి వేరే చెప్పాలా.

కాబట్టి సర్క్యులర్ రావడానికి ఏడాది ముందే ఈ మాట ఎత్తండి. ఆదివారం మధ్యాహ్నం, పిల్లలు పడుకున్నాక, కాగితం పెన్ను పెట్టుకుని. "నేను ప్రమోషన్‌కి వెళ్లనా" అని అడక్కండి, దానికి ఔననో కాదనో జవాబు వచ్చేస్తుంది, మాట అక్కడితో అయిపోతుంది. ఇలా అడగండి: "వచ్చే ఏడాది ప్రమోషన్ వస్తే రెండు మూడేళ్లు బయట ఉండాల్సి వస్తుంది. ఏం చేస్తే కుదురుతుంది?" తర్వాత లెక్కలు వేయండి. పాపది ఏ క్లాసు, టెన్త్ కానీ ఇంటర్ కానీ పడుతుందా? పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు? రెండు కాపురాలకి అద్దె ఎంత, పెరిగే జీతం ఎంత? బ్యాంకులకి రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు కాబట్టి ఎంత దూరంలో ఉంటే రెండు వారాలకోసారి వచ్చి వెళ్లొచ్చు? మా అమ్మ ఆర్నెల్లు, మీ అమ్మ ఆర్నెల్లు వచ్చి ఉంటారా? వాళ్లని అడిగామా, లేక మనమే అనుకుంటున్నామా? ఇదంతా రాసి ఉంటే ఆర్డర్ వచ్చిన రోజు ఇల్లు కంగారు పడదు.

రూల్స్ కూడా తెలుసుకుని కూర్చోండి. కేంద్ర ఆర్థిక సేవల శాఖ 2014 ఆగస్టులో ప్రభుత్వ రంగ బ్యాంకులకి మార్గదర్శకాలిచ్చింది. పెళ్లయిన ఉద్యోగిని అడిగితే భర్త పనిచేసే ఊళ్లో లేదా వీలైనంత దగ్గర్లో పోస్టింగ్ ఇవ్వాలని, పెళ్లికానివాళ్లకి తల్లిదండ్రుల దగ్గర్లో ఇవ్వాలని అందులో ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల్లో భార్యాభర్తలని ఒకే చోట వేయడం గురించి 2009 సెప్టెంబర్ 30 నాటి ఉత్తర్వు ఉంది. మన రాష్ట్రాల్లో టీచర్ల బదిలీల్లో స్పౌజ్ కేటగిరీ (భార్యాభర్తల కోటా) సంగతి అందరికీ తెలిసిందే. ఇవేవీ గ్యారంటీలు కావు, ఖాళీలున్నాయా లేదా అన్నది చూస్తారు, కానీ అడగనివాళ్లకి ఎలాగూ ఇవ్వరు. భర్త ఆఫీసు నుంచి సర్టిఫికెట్ జతచేసి రాతపూర్వకంగా హెచ్‌ఆర్‌కి పెట్టండి, రీజినల్ ఆఫీసుకి ఫోన్ చేసి బతిమాలితే రికార్డు ఉండదు.

ఆయన ఉద్యోగం మారే అవకాశం గురించి కూడా అడగండి. ఎప్పుడూ ఆమె ఆయన ఊరికి రావడమేనా, ఆయన కంపెనీకి ఇంటి నుంచి పనిచేసే వీలుంటే ఆయనే మీ పోస్టింగ్ ఊరికి రావచ్చు. ఈ ప్రశ్న వేసినప్పుడు ఒక్క నిమిషం నిశ్శబ్దం ఉంటుంది. ఆ నిమిషం మీరేమీ మాట్లాడకండి, సర్దిచెప్పకండి, ఆయన్నే ఆలోచించుకోనివ్వండి.

చివరికి ఇద్దరూ అన్నీ చూసుకుని ఈ ఏడాది వద్దు అనుకుంటే అదీ మంచి నిర్ణయమే. ఎప్పటికి వాయిదా వేస్తున్నారో కాగితం మీద రాసుకోండి.

6. కాన్పు, ఆ తర్వాత తిరిగి రావడం

2017 సవరణతో మెటర్నిటీ బెనిఫిట్ చట్టంలోకి వచ్చి, ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో ఉన్న రూల్స్ ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో సెలవు, యాభై మంది గానీ అంతకు మించి గానీ ఉన్నచోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలి. బ్యాంకుల్లో ఒక్కో కాన్పుకి ఆర్నెల్లు, మొత్తం సర్వీసులో పన్నెండు నెలలు. ఇవి తెలిసినవే. దానికి మించి పిల్లల కోసమో పెద్దవాళ్ల కోసమో ఆగాల్సి వస్తే ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో మహిళలకి సర్వీసు మొత్తంలో రెండేళ్ల దాకా జీతం లేని సబాటికల్ (దీర్ఘ సెలవు) ఉంది. రాజీనామా లెటర్ రాసే ముందు దీని గురించి అడగండి, చాలా బ్రాంచుల్లో మేనేజర్లకే తెలీదు. 2024 మార్చి 8న కుదిరిన 12వ ద్వైపాక్షిక ఒప్పందంలో (బ్యాంకు యాజమాన్యాలకీ యూనియన్లకీ మధ్య) ఆడవాళ్లకి నెలకి ఒకరోజు మెడికల్ సర్టిఫికెట్ లేకుండా సిక్ లీవు ఇచ్చారు, అది వాడుకోవడానికి సిగ్గుపడేవాళ్లు ఇంకా ఉన్నారు.

తిరిగి వచ్చే తేదీకి నెల ముందే రాత్రి లేచే వంతులు మార్చుకోండి. ఆర్నెల్లూ మీరే లేచారు, సెలవులో ఉన్నారు కాబట్టి. జాయినయ్యాక కూడా అలవాటుగా మీరే లేస్తుంటారు. పాలిచ్చే తల్లైనా పిండిన పాలు ఒక రాత్రి ఫీడ్‌కి ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, ఆ ఒక్కటీ ఆయన చూసుకుంటే మీకు వరసగా నాలుగైదు గంటల నిద్ర వస్తుంది. జాయినైన మొదటి నెల్లో మీ మీద పడే ముద్ర తర్వాత చెరపడం చాలా కష్టం, ఆ నెల ఇంట్లో అదనంగా ఒక మనిషి ఉండేలా చూసుకోండి.

7. ఇది మామూలు గొడవ కాకపోతే

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కూర్చుని మాట్లాడగలిగే మొగుడున్న ఇళ్లకి. చెయ్యి చేసుకునేవాడు, ఆఫీసుకి వచ్చి అల్లరి చేసేవాడు, మగ కొలీగ్ ఫోన్ చేశాడని సిమ్ విరిచేసేవాడు, ప్రతినెలా జీతం లాక్కునేవాడు, ఉద్యోగం మానెయ్యకపోతే ఇంట్లోకి రానివ్వననేవాడు, వీళ్ల దగ్గర కాగితం పెన్ను పనిచేయవు. నోట్స్ ఆయన చూస్తే మీకే ప్రమాదం.

2005 గృహహింస చట్టంలో కొట్టడం ఒక్కటే హింస కాదు, డబ్బు పరంగా వేధించడం కూడా హింసే. ఉద్యోగం చేయనివ్వకపోవడం, మానెయ్యమని బలవంతం చేయడం, జీతం లాక్కోవడం, ఇవన్నీ ఫిర్యాదు చేసే ఫారంలోనే ఉన్నాయి. 181 మహిళా హెల్ప్‌లైన్, ప్రాణం మీదకొస్తే 112. సఖి కేంద్రాల్లో కౌన్సెలింగ్, పోలీసు సాయం, లాయరు సాయం, తాత్కాలికంగా ఉండడానికి చోటు ఒకేచోట దొరుకుతాయి. మనసు బాగా కుంగిపోతే 14416కి చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు.

ఇలాంటప్పుడు ఉద్యోగాన్ని మాత్రం పట్టుకుని ఉండండి. సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు, ఆధార్, బంగారం లాకర్లో పెట్టుకోండి, ఆ లాకర్ మీ ఒక్కరి పేరు మీద ఉండాలి. బ్రాంచిలో నమ్మకమైన ఒక్క మనిషికి చెప్పి ఉంచండి, ఆయన వచ్చి అడిగితే "మేడమ్ ఫీల్డ్‌లో ఉన్నారు" అని చెప్పగలిగే మనిషికి. ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వస్తే అదే మీకు దారి కావచ్చు, భయపడి వెనక్కి తిప్పకండి.

8. పైవాళ్లకి ఎంత చెప్పాలి

కథంతా చెప్పకండి. మేనేజర్ మంచివాడే కావచ్చు, కానీ మీరు చెప్పింది రేపు అప్రైజల్లో "కుటుంబ సమస్యలున్నాయి" అనే మాటగా మారే అవకాశం ఉంది, మగవాళ్ల ఫైళ్లలో ఆ మాట నేనెప్పుడూ చూడలేదు. కావాల్సింది, ఎన్నాళ్లు కావాలో, ఆ లోపు మీ పని ఎలా నడుస్తుందో మాత్రం చెప్పండి. "సర్, ఈ నెలంతా ఆరింటికి వెళ్లాలి, డే ఎండ్ పని పొద్దున తొమ్మిదింటికే వచ్చి సగం ముగిస్తాను, క్వార్టర్ క్లోజింగ్ రోజు ఉంటాను." ఇలా అడిగితే కాదనడం కష్టం. పంట రుణాల రెన్యువల్ సీజన్లో, మార్చి నెలాఖరులో మినహాయింపు అడక్కుండా ఉంటే మిగతా రోజుల్లో మీ మాటకి విలువుంటుంది. ఆ తేదీలు ఇంట్లో క్యాలెండర్ మీద ఎర్ర ఇంకుతో ముందే రాయండి, ఆ వారం చుట్టాల్ని పిలవొద్దని ఆయనకి జనవరిలోనే చెప్పండి.

మీరే బ్రాంచి నడిపే స్థానంలో ఉంటే ఇంకో మాట. ఎప్పుడూ తప్పు చేయని అమ్మాయి వరసగా రెండు రోజులు లెక్క తడబడితే నలుగురి ముందు అనకండి, క్యాబిన్లోకి పిలిచి ఇంట్లో ఏంటమ్మా అని ఆరా తీయకండి. సీటు మార్చి పాస్‌బుక్ ప్రింటింగో కేవైసీయో ఇవ్వండి, మధ్యాహ్నం మీ బాక్సు ఆమె టేబుల్ దగ్గరికి తీసుకెళ్లి తినండి. చెప్పాలనుకుంటే చెప్తుంది. చెప్పకపోతే పప్పులో ఉప్పు ఎక్కువైందని మాట్లాడుకోండి.